కాలువలు చేతిలో లేని వ్యవసాయ మంత్రి కూర్మా వెంకటరెడ్డి నాయుడు

గోదావరి డెల్టాలో వ్యవసాయ మంత్రి ఎవరైనా వస్తే రైతులు ముందుగా అడిగేది కాలువ నీళ్ల సంగతి. విత్తనాలు, ఎరువులు ఆ తరువాతి మాట. అటువంటి డెల్టా నుంచి వెళ్లి, ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో వ్యవసాయ శాఖ చూసిన తొలి మంత్రికి కాలువల మీద ఏ అధికారమూ లేదంటే ఈనాటి వారికి నమ్మబుద్ధి కాదు. కానీ జరిగింది అదే. ఆయన రాజమండ్రిలో పుట్టి, ఏలూరులో వకీలుగా స్థిరపడిన సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడు.

మంత్రి, నానాజాతి సమితిలో భారత ప్రతినిధి, దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ఏజెంటు, గవర్నరు కార్యనిర్వాహక మండలిలో న్యాయశాఖ సభ్యుడు, తాత్కాలిక గవర్నరు, ఆ పైన మద్రాసు ముఖ్యమంత్రి, చివరకు విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలర్. ఇన్ని కుర్చీలలో కూర్చున్న గోదావరి మనిషి ఇంకొకరు కనిపించడం కష్టం. అయినా ఆయన పుట్టిన ఊళ్లోనూ, వృత్తి సాగించిన ఊళ్లోనూ ఆ పేరు ఎరిగినవారు ఇప్పుడు తక్కువ. టంగుటూరి ప్రకాశం పంతులు పేరు తెలియని పల్లె లేదు. అదే కాలంలో మంత్రి పదవి ప్రకాశంగారి కంటే పదహారేళ్లు ముందు అందుకున్న వెంకటరెడ్డి నాయుడు మాత్రం మరుగున పడిపోయారు. ఎందుకు పడిపోయారో తెలియాలంటే ఆయన నడిచిన దారి చూడాలి.

ఆయన పేరు దగ్గరే చాలామంది తికమక పడతారు. పేరులో రెడ్డి ఉంది, చివర నాయుడు ఉంది. ఇంటిపేరు కూర్మా, పెట్టిన పేరు వెంకటరెడ్డి. తెలగ కుటుంబం. 1875లో జన్మించారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి అప్పటికి ఇరవై మూడేళ్లు. కాలువల కింద వరి పండి, చేతిలో నాలుగు డబ్బులు ఆడి, పిల్లలను ఇంగ్లీషు చదువులకు పంపడం డెల్టా కుటుంబాలలో మొదలైన రోజులవి. వెంకటరెడ్డి నాయుడు లా చదివి వకీలు పట్టా పుచ్చుకున్నారు.

ఆనాటి రాజమండ్రి చిన్న పట్నమే అయినా సందడి గలది. కందుకూరి వీరేశలింగం పంతులు వితంతు వివాహాలతో ఊరిని రెండుగా చీల్చారు. ప్రకాశంగారు అక్కడే వకీలుగా ఉండి మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు. ఆ తరువాత ప్రకాశంగారు సీమకు వెళ్లి బారిస్టరై వచ్చి, 1921లో వేలు గడించే వృత్తిని వదులుకుని కాంగ్రెసులో దూకారు. వెంకటరెడ్డి నాయుడు పట్టిన బాట వేరు. అది జస్టిస్ పార్టీ బాట.

బ్రాహ్మణేతరుల తరఫున సీమ ప్రయాణం

జస్టిస్ పార్టీ గురించి ఇప్పటి యువకులకు ఒక మాట చెప్పక తప్పదు. 1916 నవంబరులో మద్రాసులో పిట్టి త్యాగరాయ చెట్టి, డాక్టర్ టి.ఎం. నాయర్ మొదలైనవారు బ్రాహ్మణేతరుల కోసం ఒక సంఘం పెట్టారు. వారు నడిపిన ఇంగ్లీషు పత్రిక పేరు జస్టిస్. ఆ పేరే పార్టీకి స్థిరపడింది. జనాభాలో నూటికి మూడు పాళ్లున్న బ్రాహ్మణులకే పెద్ద ఉద్యోగాలలో సింహభాగం దక్కుతోందనీ, మిగిలినవారికి వాటా కావాలనీ వారి వాదం. వాదంలో న్యాయం ఉంది. అయితే ఆ వాటాను తెల్లదొరలనుంచి అడిగి పుచ్చుకోవాలే తప్ప వారిని వెళ్లగొట్టే ఉద్యమంలో చేరకూడదని వారు నిర్ణయించుకున్నారు. ఆ నిర్ణయమే తరువాత వారి మెడకు చుట్టుకుంది.

1919లో కొత్త పరిపాలన చట్టం తయారవుతుండగా తమ మాట చెప్పుకోవడానికి జస్టిస్ నాయకులు లండన్ వెళ్లారు. వారిలో వెంకటరెడ్డి నాయుడు ఒకరు. దళానికి పెద్దదిక్కుగా ఉన్న డాక్టర్ నాయర్ సరిగ్గా అప్పుడే, జూలై 17న, లండన్‌లో కన్నుమూశారు. మిగిలినవారి మీద బరువు పడింది. పార్లమెంటు కమిటీ ముందు నాయుడుగారు సాక్ష్యమిచ్చి, బ్రాహ్మణేతరులకు ప్రత్యేకంగా స్థానాలు కేటాయించాలని వాదించారు. ఏలూరు కోర్టులో వాదించిన వకీలుకు బ్రిటిష్ ప్రభువుల సభ్యులున్న కమిటీ ముందు నిలబడటం చిన్న విషయం కాదు. తరువాతి ఏడాది వచ్చిన మెస్టన్ తీర్పులో 63 సాధారణ స్థానాలకు గాను 28 స్థానాలను బ్రాహ్మణేతరులకు ప్రత్యేకించారు. అడిగినంత రాకపోయినా ఆ పోరు వృథా కాలేదు.

1920 నవంబరులో ఎన్నికలు జరిగాయి. ఓటు అందరికీ లేదు. పల్లెల్లో ఏడాదికి పది రూపాయలకు తక్కువ కాకుండా శిస్తు కట్టే రైతుకే ఓటు. ఆడవారికి లేనే లేదు. నాలుగు కోట్ల జనాభా గల రాష్ట్రంలో ఓటర్లు పన్నెండున్నర లక్షలు. గాంధీగారి పిలుపుతో కాంగ్రెసు ఎన్నికలను బహిష్కరించింది. ఉన్న ఓటర్లలోనూ పావు వంతు మందే ఓటు వేశారు. బరిలో గట్టి పోటీ లేక జస్టిస్ పార్టీ గెలిచి, 1920 డిసెంబరు 17న మంత్రివర్గం ఏర్పాటు చేసింది. ముగ్గురే మంత్రులు. కడలూరు సుబ్బరాయలు రెడ్డియార్, పానగల్లు రాజా రామరాయణింగారు, కూర్మా వెంకటరెడ్డి నాయుడు. నాయుడుగారికి అభివృద్ధి శాఖ ఇచ్చారు. వ్యవసాయం, పరిశ్రమలు, సహకార సంఘాలు, పశువైద్యం వగైరాలు అందులోవే.

పేరుకు శాఖ, తాళం దొరల దగ్గర

శాఖ పేరు వింటే పెద్దదే. లోపల చూస్తే వేరు కథ. ఆ కాలపు పరిపాలనను ద్వంద్వ పాలన అనేవారు. ప్రభుత్వాన్ని రెండు ముక్కలు చేసి, చదువు, వైద్యం, వ్యవసాయం వంటివి ఎన్నికైన మంత్రులకు అప్పగించారు. భూమిశిస్తు, నీటిపారుదల, పోలీసు, ఖజానా వంటివి గవర్నరు, ఆయన నియమించిన కార్యనిర్వాహక మండలి సభ్యులు తమ దగ్గరే ఉంచుకున్నారు. మంత్రి ఏ పథకం తలపెట్టినా డబ్బు కోసం అవతలి వైపు వారి ముఖం చూడవలసిందే.

నాయుడుగారి పరిస్థితి మరీ విచిత్రం. ఆయన వ్యవసాయ మంత్రి. కానీ కాలువలు, లాకులు, నీటితీరువా ఆయనవి కావు. కరువొచ్చినప్పుడు రైతుకు ఇచ్చే తక్కావి అప్పులు ఆయనవి కావు. ఆయన అభివృద్ధి మంత్రి. అడవులు ఆయనవి కావు. ఆయన పరిశ్రమల మంత్రి. ఫ్యాక్టరీల తనిఖీ, బాయిలర్లు, విద్యుత్తు, గనులు, కార్మికుల వ్యవహారాలు ఏవీ ఆయన కిందికి రావు. దుక్కిటెద్దులు పక్కింటివాడి దొడ్లో, నాగలి మాత్రం తన చేతిలో ఉన్న రైతుకు ఎంత పంట పండుతుందో, ఆయన మంత్రిత్వమూ అంతే పండింది.

అయినా ఉన్న మేరకు పని చేయలేదని అనలేం. కొత్తగా పరిశ్రమ పెట్టేవారికి ప్రభుత్వం అప్పు, సాయం ఇచ్చేందుకు 1922 నాటి పరిశ్రమల సహాయ చట్టం ఆయన శాఖ తెచ్చిందే. దేశంలో ఆ మాదిరి చట్టాలలో ముందు వచ్చినవాటిలో అదొకటి. ప్రభుత్వం రోడ్లు, కోర్టులు చూసుకుంటే చాలు, వ్యాపారం దాని పని కాదనుకునే దొరల కాలంలో ఈ ఆలోచన కొత్తదే.

బయట దేశం మాత్రం వేరే వేగంతో కదులుతోంది. ఆయన మంత్రిగా ఉన్న మూడేళ్లలోనే సహాయ నిరాకరణ ఉద్యమం వచ్చింది. చీరాల పేరాలలో జనం ఊరు ఖాళీ చేసి బయటికి నడిచారు. పెదనందిపాడులో రైతులు పన్ను కట్టం పొమ్మన్నారు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మన్యం పోలీసుస్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. వాటిలో రాజవొమ్మంగి గోదావరి ఏజెన్సీలోనిదే. పోలీసు శాఖ మంత్రులది కాదు గనుక సీతారామరాజు వేటలో నాయుడుగారికి నేరుగా చేయి లేదు. కానీ జైలుకు పోయేవారు ఒక వైపు, దొరల పక్కన కుర్చీ వేసుకున్నవారు ఒక వైపు అని జనం లెక్క కట్టారు. ఏ శాఖ ఎవరిదన్న వివరం ఆ లెక్కలోకి రాలేదు. ఇది కొంత అన్యాయమే గాని, రాజకీయాల్లో ఉన్నవారు ఇటువంటి లెక్క తప్పించుకోలేరు.

పదవి పోయిన తీరు కూడా ఆలోచించదగినదే. 1921 జూలైలో సుబ్బరాయలు రెడ్డియార్ అనారోగ్యంతో తప్పుకోగా పానగల్లు రాజా ముఖ్యమంత్రి అయ్యారు. బరంపురం నుంచి ఎ.పి. పాత్రో మంత్రివర్గంలో చేరారు. మంత్రులంతా తెలుగు ప్రాంతాలవారే, తమకు చోటు లేదని తమిళ జస్టిస్ నాయకులలో గునుపు మొదలైంది. 1923 చివర రెండవ ఎన్నికల తరువాత ఆ గునుపు తీర్చడానికి ఒక తమిళుడికి చోటు ఇవ్వవలసి వచ్చింది. టి.ఎన్. శివజ్ఞానం పిళ్లె లోపలికి వచ్చారు, వెంకటరెడ్డి నాయుడు బయటికి వచ్చారు. ముగ్గురి చోట నాలుగోవాడికి జాగా లేదు మరి.

ఆయన జీవితంలో అన్నిటికంటే గుర్తుంచుకోదగిన పని పదవి పోయిన తరువాత చేసిందే. 1924లో ద్వంద్వ పాలన ఎలా నడుస్తోందో విచారించడానికి ముడిమాన్ అనే దొర అధ్యక్షతన కమిటీ వేశారు. దాని ముందు నాయుడుగారు ఉన్నది ఉన్నట్టు చెప్పేశారు. తాను నీటిపారుదల లేని వ్యవసాయ మంత్రిననీ, అడవులు లేని అభివృద్ధి మంత్రిననీ, ఫ్యాక్టరీలు, విద్యుత్తు, గనులు లేని పరిశ్రమల మంత్రిననీ ఒక్కొక్కటే విడమరిచారు. బ్రిటిష్ వారిచ్చిన పదవిని అనుభవించిన మనిషే ఆ పదవి డొల్ల అని వారి ముఖం మీదే చెప్పడం కాంగ్రెసువారికి కూడా పనికొచ్చింది. భారత రాజ్యాంగ చరిత్ర రాసినవారు ద్వంద్వ పాలన గురించి చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఈ సాక్ష్యాన్ని ఎత్తి చూపుతారు. కాలేజీ విద్యార్థులు ఆ పాఠం చదువుతారు. చెప్పినది గోదావరి మనిషని మాత్రం చాలామందికి తెలియదు.

చెరకు తోటల్లో తెలుగువారి దగ్గర

1928లో ఆయన భారత ప్రతినిధులలో ఒకరుగా జెనీవాలో నానాజాతి సమితికి వెళ్లి వచ్చారు. దానికంటే విశేషమైనది దక్షిణాఫ్రికా ఉద్యోగం. 1929లో వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి తరువాత భారత ప్రభుత్వ ఏజెంటుగా నియమితులై 1932 వరకు అక్కడ ఉన్నారు. రాయబారి వంటి పదవి అది.

కాకినాడ రేవు నుంచి రంగం వెళ్లినవారి కథలు గోదావరి పల్లెల్లో ఇంటింటా ఉండేవి. నేటాల్ వెళ్లినవారి కథ అంతగా వినపడదు. 1860 నుంచి 1911 వరకు మద్రాసు రేవులో ఓడ ఎక్కించి ఐదేళ్ల కరారు మీద కూలీలను నేటాల్ చెరకు తోటలకు తీసుకుపోయారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువారు వారిలో వేల సంఖ్యలో ఉన్నారు. కరారు తీరినా చాలామంది తిరిగి రాలేదు. డర్బన్ చుట్టుపక్కల నాయుడు అన్న పేరు ఇంటిపేరుగా మారి ఈనాటికీ వినిపిస్తుంది.

అక్కడి తెల్ల ప్రభుత్వానికి ఈ జనం అక్కర్లేదు. 1927 నాటి కేప్‌టౌన్ ఒప్పందం ప్రకారం, వెళ్లిపోతామన్నవారికి ఖర్చులిచ్చి స్వదేశానికి పంపాలి, ఉన్నవారి చదువు, బతుకు బాగు చేయాలి. మొదటి సగం మీద ఉన్న శ్రద్ధ రెండో సగం మీద ఉండేది కాదు. నాయుడుగారు ఉండగానే 1930లో ట్రాన్స్‌వాల్‌లో భారతీయులు ఫలానా చోటే ఉండాలి, ఫలానా చోటే అంగడి పెట్టాలి అనే బిల్లు తయారైంది. చేతిలో సైన్యం లేదు, ఓటు లేదు. వెనక ఉన్నది బానిస దేశపు ప్రభుత్వం. వినతిపత్రం, మాటసాయం తప్ప ఏజెంటుకు ఆయుధం లేదు. 1932 ఆరంభంలో కేప్‌టౌన్‌లో జరిగిన రెండవ చర్చల్లో ఫజ్లీ హుస్సేన్, శ్రీనివాస శాస్త్రి, సరోజినీ నాయుడు వంటివారితో కలిసి ఆయనా కూర్చున్నారు. బిల్లు పదును కొంత తగ్గింది గాని ఆ ఏడాదే చట్టమైంది.

ఆ దేశంలో ఆయనను సర్ కూర్మా రెడ్డి అని పిలిచేవారు. తెలుగు మాట్లాడే మనిషి, తమ జిల్లాల వైపు నుంచి వచ్చిన మనిషి అంత పెద్ద హోదాలో రావడం అక్కడి కూలీ కుటుంబాలకు పండుగే. ఆయన అక్కడ ఉన్న కాలంలోనే, 1931లో, దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభ ఏర్పడింది. తెలుగు చదువు, పాటలు, పండుగలు నిలబెట్టే పని దానిది.

రాజభవనం, ఆపైన నూట ఐదు రోజులు

తిరిగి వచ్చాక 1934లో గవర్నరు కార్యనిర్వాహక మండలిలో న్యాయశాఖ సభ్యుడయ్యారు. అంటే ఒకప్పుడు మంత్రిగా ఏ తలుపు బయట నిలబడ్డారో ఆ తలుపు లోపలికి ఇప్పుడు చేరారన్నమాట. 1936లో గవర్నరు ఎర్‌స్కిన్ ప్రభువు సెలవు మీద వెళ్లగా, జూన్ 18 నుంచి అక్టోబరు 1 వరకు తాత్కాలిక గవర్నరుగా పనిచేశారు. మద్రాసు గవర్నరు కుర్చీలో కూర్చున్న రెండవ భారతీయుడు ఆయన. మొదటివారు 1934లో సర్ మహమ్మద్ ఉస్మాన్. తెలుగువారిలో నాయుడుగారే మొదటివారు.

మరుసటి ఏడాది అసలు పరీక్ష వచ్చింది. 1935 చట్టంతో ద్వంద్వ పాలన రాష్ట్రాలలో రద్దయింది. నీటిపారుదల, శిస్తు, పోలీసు అన్నీ మంత్రుల చేతికే వస్తాయి. ఓటర్లూ చాలా రెట్లు పెరిగారు. 1937 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగితే కాంగ్రెసువారి పసుపుపచ్చ పెట్టెలు నిండిపోయాయి. శాసనసభలో 215 స్థానాలకు 159 కాంగ్రెసు గెలిచింది. జస్టిస్ ముఖ్యమంత్రి బొబ్బిలి రాజా తన సొంత గడ్డ మీదే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. పదిహేడేళ్ల జస్టిస్ వైభవం ఒక్క ఎన్నికతో కూలింది.

అయితే గవర్నరు తన ప్రత్యేక అధికారాలతో అడ్డుపడనని మాట ఇస్తే గాని మంత్రి పదవులు తీసుకోమని కాంగ్రెసు భీష్మించింది. కొత్త చట్టం ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలి. ఎవరో ఒకరు మంత్రివర్గం నడపాలి. ఎర్‌స్కిన్ ముందుగా శ్రీనివాస శాస్త్రిని అడిగారు. శాస్త్రిగారు కాదన్నారు. జనం ఓడించిన పక్షంవారు పెత్తనం చేయడం తగదని ఆయనకు తెలుసు. తరువాత నాయుడుగారిని అడిగారు. ఆయన ఒప్పుకున్నారు.

ఇక్కడే ఆయనను తప్పు పట్టేవారు పడతారు. తప్పు పట్టడానికి కారణం ఉంది కూడా. 1937 ఏప్రిల్ 1న ఆరుగురు మంత్రులతో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు. అప్పట్లో ఆ పదవిని ప్రధాని అనేవారు. పన్నీర్‌సెల్వం, ముత్తయ్య చెట్టియార్, ఖలీఫుల్లా, దళిత నాయకుడు ఎం.సి. రాజా, పాలాట్ మిగతా మంత్రులు. సభలో బలం లేదు గనుక సభను పిలవనే లేదు. ఇటువంటి మంత్రివర్గాలు బొంబాయి, బీహారు, సంయుక్త రాష్ట్రాలలో కూడా ఏర్పడ్డాయి. జనం మాత్రం వీరిని డమ్మీ మంత్రులుగానే చూశారు.

నాయుడుగారి వైపు నుంచి కూడా ఒక మాట ఉంది. ఎవరూ ముందుకు రాకపోతే గవర్నరే ప్రకటన ఇచ్చి ఒంటిచేత్తో పాలించేవాడు. ఎవరో ఒక భారతీయుడు ఉండటం నయమని ఆయన పక్షంవారు వాదించారు. ఆ వాదనకు ఆనాడు విన్నవారు కొద్దిమంది. ఇందులో బాధాకరమైన సంగతి మరొకటి. 1920లో ఓట్లతో వచ్చిన మంత్రి పదవిలో ఆయనకు కాలువల మీద అధికారం లేదు. 1937లో కాలువలతో సహా రాష్ట్రమంతా చేతికొచ్చింది. అప్పటికి వెనుక ఓట్లు లేవు.

జూన్‌లో వైస్రాయి లిన్‌లిత్‌గో కొన్ని హామీలిచ్చారు. జూలై 7న వార్ధాలో కాంగ్రెసు పదవులు స్వీకరించడానికి ఒప్పుకుంది. జూలై 14న రాజగోపాలాచారి మంత్రివర్గం వచ్చింది. నూట ఐదు రోజుల ముఖ్యమంత్రి తప్పుకున్నారు. కొత్త మంత్రులలో ప్రకాశం పంతులుగారు రెవెన్యూ మంత్రి. వేలల్లో ఉన్న మంత్రుల నెల జీతం 500 రూపాయలకు దిగింది. జమీందారీ రైతుల కష్టాల మీద ప్రకాశంగారి కమిటీ ఊరూరా తిరిగింది. పల్లెల్లో ఆ పేరు నిలిచిపోయింది.

వెంకటరెడ్డి నాయుడు తరువాత అన్నామలై విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా వెళ్లారు. 1940లో అక్కడ ఆయన అందుకున్నది కూడా శ్రీనివాస శాస్త్రి వదిలిన పదవే. దక్షిణాఫ్రికాలో ఒకసారి, మద్రాసులో శాస్త్రిగారు కాదన్నప్పుడు ఒకసారి, చిదంబరంలో మూడోసారి. ఆ పదవిలో ఉన్న రెండేళ్లలోనే, 1942లో, తన అరవై ఏడవ ఏట కన్నుమూశారు.

అంతకుముందే 1925లో ఏలూరు ముఖ్య పట్టణంగా పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడింది. 2022లో ఏలూరు వేరే జిల్లా అయింది. మద్రాసు ముఖ్యమంత్రుల వరసలో బొబ్బిలి రాజా పేరుకీ, రాజగోపాలాచారి పేరుకీ మధ్య రాజమండ్రిలో పుట్టిన ఈ వకీలు పేరు కనిపిస్తుంది.